వలస వచ్చిన నేలకు గోవర్ధన పూజ
(ధనుర్మాస ఉపన్యాసము)



ఈ ధనుర్మాసమున ప్రతిదినము వేకువజామున ఈ రామాలయమునందు చేరి తిరుప్పావై పాశురముల భావము చెప్పుకొనుచున్నాము. గోవర్ధనగిరిని స్వామి ఎత్తిన ప్రస్తావన ఇరువది నాలుగవ పాశురమునందు వచ్చును. వరుసక్రమమును బట్టి చూచిన అందాక ఆగవలసినదే. అయినను ఆ కథను నేడే చెప్పుకొనవలెనని మాకు అనిపించినది. ఏలనన రేపు ఎళ్ళ అమావాస్య. ఈ ప్రాంతపు రైతులకు అది ఎంత పెద్ద పండుగయో మీకు మేము చెప్పనక్కరలేదు. అయితే ఆ పండుగకును, వలస వచ్చిన మన కుటుంబములకును, గోవర్ధనమునకును గల సంబంధమును గూర్చి మాత్రము నాలుగు మాటలు మనవి చేయవలసి యున్నది.

గోవర్ధన కథను మనము సాధారణముగా ఇంద్రుని కోపముతో మొదలుపెట్టుదుము. రాళ్ళవాన కురిసినది, ఏడేండ్ల బాలుడు కొండను ఎత్తి ఏడు దినములు నిలబెట్టినాడు, ఇంద్రుని గర్వము అణగినది. ఇంతటితో కథ ముగించి హారతి ఇచ్చెదము. కాని ఆ కొండ వ్రేపల్లెలోని కొండ కాదు. నందుడును గోపకులును పుట్టి పెరిగిన చోట గోవర్ధనము లేదు. వారు ఆ కొండ దగ్గరకు వలస వచ్చినవారు! ఈ సంగతి దశమ స్కంధమునందు స్పష్టముగా ఉన్నను, మనము చదువుచు చదువుచు దాటిపోవుచుందుము.

పూతన వచ్చినది. శకటాసురుడు వచ్చినాడు. తృణావర్తుడు సుడిగాలియై వచ్చి బిడ్డను ఎత్తుకొని పోయినాడు. ఆ పిమ్మట జంట మద్దిచెట్లు కూలినవి. ఇన్ని ఉత్పాతములు చూచిన గోపవృద్ధులు కూర్చుండి ఆలోచన చేసిరి. వారిలో ఉపనందుడను పెద్ద కలడు. వయస్సుచేతను, జ్ఞానముచేతను పెద్దవాడు. దేశకాలముల తత్త్వము ఎరిగినవాడు. ఆయన లేచి, బిడ్డల క్షేమము కోరువారము ఇక ఇచట ఉండరాదు, బృందావనమను వనము కలదు, పశువులకు అనుకూలమైనది, గోపకులకు గోపికలకు గోవులకు నివసింపదగినది, పుణ్యమైన కొండయు గడ్డియు తీగెలును గలది, నేడే పోవుదము, బండ్లు కట్టుడు, గోవులు ముందు నడచుగాక అని చెప్పెను. ఇంత చెప్పి చివర ఒక మాట చేర్చెను: మీ అందరికి సమ్మతమైన యెడల!

మహాశయులారా, ఆ చివరి మాటను మరువకుడు. మేము మరల దానివద్దకు వచ్చెదము.

వ్రజవాసులందరు ఏకమనస్కులై బాగు బాగనిరి. వృద్ధులను, బాలురను, స్త్రీలను, ఇంటి సామగ్రిని బండ్ల కెక్కించిరి. గోపకులు విండ్లు పట్టి వెంట నడచిరి. యశోదయు రోహిణియు ఒకే బండిలో కూర్చుండి, తమ బిడ్డలైన బలరామకృష్ణుల ముచ్చటలు వినుచు సాగిపోయిరి. బృందావనము చేరిన తరువాత బండ్లను అర్ధచంద్రాకారముగా నిలిపి తమ నివాసమును ఏర్పరచుకొనిరి. ఆ వనమును, గోవర్ధనమును, యమునానది ఇసుకతిన్నెలను చూచి రామకృష్ణులకు అమితమైన ప్రీతి కలిగినదట. పెద్దలకు పుట్టినచోటును వీడిన బెంగ ఎంత ఉండెనో వ్యాసులవారు వ్రాయలేదు గాని, పిల్లలకు మాత్రము క్రొత్తచోటు చూచినంతనే నచ్చినది. ఇది ఏ వలసకైనను వర్తించు మాటయే.

మా సంగతి కొంచెము చెప్పుకొందుము. మా కుటుంబము పశ్చిమగోదావరి డెల్టా నుండి 1968వ సంవత్సరము వేసవిలో ఈ ప్రాంతమునకు వచ్చినది. అప్పుడు ఇది మైసూరు రాష్ట్రము. కర్ణాటక అను పేరు 1973లో వచ్చినది. కొప్పళ ప్రత్యేక జిల్లా కాలేదు, గంగావతి తాలూకా అంతయు రాయచూరు జిల్లాలోనిదే. హోసపేట వద్ద తుంగభద్ర ఆనకట్ట నుండి 1953లో కాలువలకు నీరు విడువబడినది. ఎడమగట్టు కాలువ క్రింద నల్లరేగడి భూములు ఉన్నవనియు, డెల్టాలో ఒక ఎకరము అమ్మిన ధనముతో ఇచట పెక్కు ఎకరములు కొనవచ్చుననియు విని, మనవారు ఒకరి వెంట ఒకరుగా బయలుదేరిరి. మా తండ్రిగారికి వాటాకు వచ్చినది రెండెకరములకు లోపు. ముగ్గురు మగపిల్లలము. ఆ లెక్క ఎట్లు వేసినను తేలునది కాదు.

బెజవాడలో బండి మారి, గుంతకల్లులో మరల మారి, హోసపేటలో దిగితిమి. మా తల్లిగారు దేవతార్చన పీటను ఒడిలో పెట్టుకొని వచ్చినారు. తులసికోటలోని మన్ను ఒక గుడ్డలో మూటగట్టి తెచ్చినారు. దారి పొడవునను ఒక్క మాట మాటలాడలేదు. కారణము మాకు ఆనాడు తెలియదు. పెద్దవారమైన పిమ్మట తెలిసినది. మా తండ్రిగారు ఇచటికి వచ్చి, పొలము చూచి, బయానా ఇచ్చి, ఊరికి తిరిగి వచ్చిన తరువాత ఇంటిలో ఆ సంగతి చెప్పినారు. సమ్మతమైన యెడల అను ఉపనందుని మాట మా ఇంట ఎవరును పలుకలేదు. ఆయన చేసినది మా మేలు కొరకే; ఆ విషయమున మాకు ఎట్టి సందేహము లేదు. అయినను అడుగక కట్టిన బండిలో కూర్చుండి వచ్చిన ఇల్లాలికి క్రొత్త ఇల్లు ఎన్నాళ్ళకు ఇల్లగును? మా తల్లిగారు ఆ తులసి మన్నును మూడేండ్లు మూట విప్పలేదు. ఇచటి మట్టితోనే కోట కట్టి తులసిని వేసినారు గాని, ఆ మూటను మాత్రము అటకపై దాచినారు. తిరిగి పోవునాడు దానిని వెంట తీసికొని పోవలెనని ఆమె ఉద్దేశము.

తిరిగి పోవుదుమను తలంపు ఆమె ఒక్కతెకే కాదు, మన అందరికిని ఉండినది. దానికి సాక్ష్యము మన ఊళ్ళ పేర్లే. కాలువ గట్టున నాలుగు పాకలు వేసికొని దానిని క్యాంపు అంటిమి. క్యాంపు అనగా నాలుగు నాళ్ళు ఉండి లేచిపోవు చోటు. పాకలు పోయి పెంకుటిండ్లు వచ్చినవి, పెంకుటిండ్లు పోయి మేడలు వచ్చినవి, రైసుమిల్లులు వచ్చినవి, ఈ రామాలయమునకు గోపురము లేచినది. రేషను కార్డులో మాత్రము నేటికిని క్యాంపే! తాతగారి చితి ఈ కాలువ గట్టున కాలినది, తండ్రిగారి చితి ఇచటనే కాలినది. మూడు తరముల బూడిద కలిసిన నేలను క్యాంపు అనుట ఎంతవరకు సబబు? పేరు మార్చుమని మేము చెప్పుట లేదు. పేరు ఊరకనే ఉండనిండు. మనస్సులోని క్యాంపును గూర్చియే మా మాట.

ఈ సందర్భమున శ్రీరామచంద్రుని తలచుకొనక తప్పదు. మనము నివసించు ఈ సీమ కిష్కింధ యని పెద్దలు చెప్పుదురు. ఆనెగొంది ఇచటికి దాపుననే ఉన్నది, అంజనాద్రి మీదికి మీరందరు ఎక్కినవారే, పంపాసరస్సులో స్నానము చేసినవారే. అయోధ్య నుండి వచ్చిన శ్రీరాముడు ఈ నేలకు పరదేశి. భార్యను పోగొట్టుకొని, ఎరుగని దేశమున, తమ్మునితో తిరుగుచున్నవాడు. ఆ సమయమున హనుమంతుడు భిక్షువేషమున వచ్చి పలుకరించినాడు. అప్పుడు శ్రీరాముడు ఏమి చేసెను? తన కష్టము చెప్పుకొనుటకు తొందరపడలేదు. ఎదుటివాని మాటను ఆద్యంతము విని, లక్ష్మణునితో, ఇతని వాక్కు ఎంత శుద్ధముగా నున్నదో చూచితివా, వేదము చదువనివాడు వ్యాకరణము చక్కగా విననివాడు ఇట్లు మాటలాడలేడు అని ప్రశంసించినాడు. పరాయి నేలమీద నిలిచినవాడు ఆ నేలవాని మాటను చెవియొగ్గి విని మెచ్చుకొన్నాడు! ఆ మెచ్చుకోలు దగ్గర మొదలైన స్నేహము లంక వరకు నడచినది.

మనమేమి చేసితిమి? వచ్చిన క్రొత్తలో కన్నడము మనకు నవ్వులాటగా ఉండెను. వారు హాలు అన్న పాలు, మనము పాలు అన్న వారికి వాటా. దీనిమీద ఎన్ని హాస్యములు! కూలివారితో పనికి కావలసిన పది మాటలు నేర్చుకొని ఇక చాలుననుకొంటిమి. ఎదురుపడిన ప్రతివాడును ఊట ఆయ్తా, అనగా భోజనమైనదా అని అడుగుచుండగా, వీరికి మన భోజనముతో ఏమి పని అని మా చిన్నాన్నగారు విసుగుకొనెడివారు. అది ప్రశ్న కాదనియు, నమస్కారము వంటిదనియు తెలియుటకు ఆయనకు ఏడాది పట్టినది. ఇక మన పిల్లలో, ఇచటి బడులలో చదివి, పోతనగారి పద్యములను కన్నడ లిపిలో వ్రాసికొని ఇంపుగా పాడుచున్నారు. రెండు లిపులును అక్కచెల్లెండ్రు; నష్టమేమియు లేదు. తెలుగు చదువుట వచ్చిన బాగుండునన్నది వేరు మాట, దానికి తప్పు పిల్లలది కాదు.

ఇక అసలు సంగతి. మా తండ్రిగారు కొన్న తొమ్మిదెకరములలో ఐదెకరములు ఒక వృద్ధునివి. మేమందరము ఆయనను అజ్జ అని పిలిచెడివారము. ఈ భాషలో తాత యని అర్థము. కాలువ నీరు వచ్చినంత మాత్రమున మెట్టభూమి మాగాణి కాదని రైతులైన మీకు తెలియును. చదును చేయవలెను, గట్లు పోయవలెను, బోదెలు త్రవ్వవలెను, ఎద్దులు కావలెను, ఎరువు కావలెను. జొన్న పండించుకొని బ్రతుకువానికి అంత పెట్టుబడి ఎచటిది? పైగా ఆడపిల్లల పెండ్లిండ్లు, అప్పులు. నీరు వచ్చినదని సంతోషింపవలసిన రైతు నీరు వచ్చినందుననే భూమి అమ్ముకొనెను. అమ్మిన పొలములోనికే కూలికి వచ్చెను. ఈ మాట మనము మన సభలలో చెప్పుకొనము. మన కష్టము చెప్పుకొందుము, బండరాళ్ళు తీసి ముళ్ళకంపలు కొట్టి బంగారము పండించితిమని చెప్పుకొందుము. అదియు నిజమే. ఇదియు నిజమే.

మేము వచ్చిన మూడవ ఏడు, ఎళ్ళ అమావాస్య నాటి ఉదయము. వరికోతలైనవి, పొలము మోళ్ళతో నుండెను. పై మెట్టలలో జొన్న, శనగ పచ్చగా ఉండెను. అజ్జయు, ఆయన భార్యయైన అవ్వయు, మనుమలు ఇద్దరును, తలమీద బుట్టలు పెట్టుకొని వచ్చి నేరుగా మా పొలములోనికి దిగినారు. ఈశాన్యమూల ఒక జమ్మిచెట్టు, దాని మొదట ఐదు రాళ్ళు ఉండెడివి. వాటికి సున్నము కొట్టి, కుంకుమ పెట్టి, బుట్టలు దింపి కూర్చుండిరి. ఐదు రాళ్ళును పంచపాండవులని వీరి భావన. చెట్టును, రాళ్ళను ఆ ఏడు తీసివేసి చదును చేయవలెనని మా తండ్రిగారు అప్పటికే నిశ్చయించియుండిరి.

గట్టుమీద నుండి చూచిన మా తండ్రిగారికి కోపము వచ్చినది. భయము కూడ కలిగినదేమో. "అమ్మేసిన పొలంలో ఇతనికేం పని? ఇవాళ పూజంటాడు, రేపు హక్కంటాడు" అనుచు దిగబోయినారు. వెనుక అన్నపు క్యారేజీతో వచ్చిన మా తల్లిగారు, మూడేండ్లుగా ఆయనకు ఎదురు చెప్పనివారు, అడ్డుగా నిలిచినారు.

"పుట్టింటికొచ్చిన మనిషిని పొమ్మంటారా ఎవరైనా? మీతో వచ్చేశాను గదా అని నాకు మా ఊరు కాకుండా పోయిందా అండీ?"

మా తండ్రిగారు గట్టుమీదనే ఆగిపోయినారు. మా తల్లిగారు మాత్రము ఆ క్యారేజీతోనే పొలములోనికి దిగి అవ్వ ప్రక్కన కూర్చుండినారు. ఒకరి భాష ఒకరికి రాదు. అవ్వ ఒక జొన్నరొట్టె తీసి, దానిమీద పుండి పల్య అనుచు పచ్చగా ఒక ముద్ద వేసి చేతికిచ్చెను. మా తల్లిగారు నోట పెట్టుకొని, "ఒరేయ్, గోంగూరరా ఇది!" అని మావైపు తిరిగి బిగ్గరగా అన్నారు. ఆ తరువాత ఏడ్చినారు. రైలెక్కిన నాటి నుండి ఆమె ఏడ్వగా మేము చూచుట అదియే ప్రథమము. అవ్వ ఏమియు అడుగలేదు, వీపు మీద చేయి వేసి కూర్చుండెను.

భోజనమునకు ముందు చరగ చల్లుట అను ఆచారము కలదు. తెచ్చిన పదార్థములన్నియు కొంచెము కొంచెము కలిపి పొలము నలుమూలల చల్లి భూమితల్లికి నివేదించుదురు. అజ్జ మూడు మూలలు చల్లి, నాలుగవ మూల గట్టు దగ్గరకు వచ్చి, పాత్రను మా తండ్రిగారికి అందించి, నీవు చల్లుమని సైగ చేసెను. మా తండ్రిగారు కొంతసేపు పాత్రను చూచుచు నిలిచి, చెప్పులు విడిచి దిగి చల్లినారు. అంతే జరిగినది. పెద్ద మాటలేవియు ఎవరును చెప్పలేదు. చెట్టును మాత్రము కొట్టలేదు, రాళ్ళను కదపలేదు. నేటికిని ఆ మూల దుక్కికి అడ్డమే. ట్రాక్టరు చుట్టు తిరిగి రావలసినదే. ఆ రాత్రి మా తల్లిగారు అటకమీది మూటను దింపి, గోదావరి మన్నును తులసికోటలో కలిపినారు.

ఇప్పుడు గోవర్ధనము దగ్గరకు వచ్చెదము. నందుడు ఏటేట చేయు ఇంద్రయాగమునకు సన్నాహములు చేయుచున్నాడు. అది పెద్దల నాటి నుండి వచ్చిన ఆచారము, తప్పేమియు లేదు. బాలకృష్ణుడు వచ్చి, తండ్రీ, ఇది ఎవరి కొరకు, దీని ఫలమేమి అని అడుగును. సావధానముగా అంతయు విని, మనకు పురములు లేవు, జనపదములు లేవు, వనములయందు కొండలయందు నివసించు వారము, కనుక గోవులకును బ్రాహ్మణులకును ఈ కొండకును పూజ చేయుదము అని చెప్పును. కూర్చిన సంభారములు అవియే. పాయసములు, అప్పములు అవియే. కుక్కలకు, పతితులకు సైతము అన్నము పెట్టవలెనని, గోవులకు గడ్డి వేయవలెనని చెప్పి, అందరును కొండకు ప్రదక్షిణము చేయవలెనని నిర్దేశించును.

ఇంద్రుడు ఎచట ఉన్నవారికైనను ఇంద్రుడే. వెంట తెచ్చుకొన్న దేవుడు. గోవర్ధనమో, వచ్చినచోట ఉన్నది. గడ్డి ఇచ్చునది, నీడ ఇచ్చునది, ఊటనీరు ఇచ్చునది. వలస వచ్చిన గోపకులు అంతవరకు ఆ కొండ గడ్డిని మేపుకొనుచుండిరే గాని, కొండకు ఒక నమస్కారము చేసినట్లు కథలో మనకు కనబడదు. ఆ నమస్కారము చేయించిన తరువాతనే ఆ కొండ వారికి గొడుగైనది. ఇది మాకు తోచిన భావము. వ్యాఖ్యాతలు ఇంద్రగర్వభంగమును, శరణాగతిని ప్రధానముగా చెప్పుదురు. వారు చెప్పినదే ప్రమాణము. అయినను పరదేశమున నేల కొని బ్రతుకుచున్న రైతు కుటుంబములో పుట్టిన మాకు ఆ ఘట్టము చదివినప్పుడెల్ల జమ్మిచెట్టు మొదటి రాళ్ళే కనబడుచుండును.

మరి కొండకు నమస్కారము చేసిన మనము కొండను ఎట్లు చూచుకొంటిమి? ఈ ప్రశ్నను దాటవేయుట భావ్యము కాదు. ఎడమగట్టు కాలువను నిర్మించిన నాడు అధికభాగము భూములకు ఆరుతడి పైరులకే నీరు ఉద్దేశింపబడినది. కాలువ పై భాగమున దిగిన మనము వరి వేసితిమి. ఒక కారు చాలక రెండు కారులు వేసితిమి. గంగావతి బియ్యమునకు దేశమంతట పేరు వచ్చినది, దానికి సంతోషమే. కాని క్రింద మాన్వి వైపు, రాయచూరు వైపు చివరి భూములవారు కాలువ వంక చూచుచు కూర్చున్న ఏండ్లు ఎన్ని! వారి వంతు నీరు మన మడులలో నిలిచినది. నిలిచిన నీరు మనకును మేలు చేయలేదు. ఎన్నో ఎకరములు చౌడు తేలినవి. మా పొలములో కూడ పల్లపు ఎకరము ఒకటి అట్లే పోయినది. ఎవరిని నిందింతుము? గొడుగు క్రింద అందరికి చోటు చూపినవాడు కృష్ణుడు. ముందు వచ్చి నిలిచినవాడు అంచు పట్టి లాగుకొనుట ఆ కథలో లేదు.

జలాశయము కూడ నానాటికి పూడుచున్నది. మొదట 133 టి.ఎం.సి. పట్టినది, నేడు 106 టి.ఎం.సి.లకు లోపే పట్టుచున్నది. 2024వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీ రాత్రి ఆనకట్ట పందొమ్మిదవ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోయిన సంగతి మీ అందరికి జ్ఞాపకమే. నిండిన జలాశయము కన్నులయెదుట ఖాళీ అగుచుండగా, వారము దినములపాటు ఈ క్యాంపులో ఎవరికిని నిదుర లేదు. ప్రక్క గ్రామమువారికిని లేదు. ఆ దినములలో రాత్రివేళ ఈ రామాలయపు అరుగుమీద కూర్చున్నవారిలో ఆంధ్రవారెందరు, ఇచటివారెందరు అని ఎవరును లెక్కింపలేదు. తాత్కాలికముగా తలుపు అమర్చినారను వార్త రాగానే కొబ్బరికాయ కొట్టినది ఆ గ్రామపు పెద్దయే. అది మన అర్చకస్వామికి కొంచెము తొందరపాటుగా తోచినది గాని, వారు కూడ ఏమియు అనలేదు.

మన పిల్లలు ఇప్పుడు మరల వలస పోవుచున్నారు. బెంగుళూరు, హైదరాబాదు, ఆ పైన సముద్రములు దాటి. చదువులకు, ఉద్యోగములకు పోవలసినదే. ఆపుట ఉపనందుని మార్గము కాదు. అయితే కుటుంబమును తరలించునప్పుడు ఇంటిలోని ఆడువారిని, ముసలివారిని ముందుగా ఒక్కమాట అడుగుడని మా విన్నపము. అడిగిన వెంటనే ఒప్పుకొనకపోవచ్చును. ఏడ్వవచ్చును. అయినను అడుగవలెను. మొన్న ఒక చిరంజీవి దూరదేశము నుండి ఫోనులో, ఇచట తెలుగువారు రెండువందల కుటుంబములు ఉన్నారు, మనకు ఏ లోటును లేదు తాతగారూ అని చెప్పినాడు. సంతోషము నాయనా, నీ ఇంటికి కుడిప్రక్క ఎవరున్నారని అడిగితిమి. తెలియదన్నాడు. ఏడేండ్లుగా అదే ఇంటిలో ఉన్నాడు! పదిమంది మనవారు కనబడగానే మరల క్యాంపు వేసికొనుట మనకు అలవాటైనది. పొరుగు తలుపు తట్టి ఒక పండో, ఒక పిండివంటయో ఇచ్చి రమ్మని చెప్పితిమి. పదిదినముల తరువాత మరల ఫోను చేసినాడు. ఆ ఇంటి ముసలమ్మ తన పెరటిలోని ఆపిలు పండ్లు సంచి నిండ పోసి పంపినదట. ఇన్ని ఏమి చేసికొందుమని ఇప్పుడు వాని దిగులు.

రేపటి ఏర్పాట్లు చెప్పి ముగింతుము. రేపు తిరుప్పావై సేవాకాలము ఆరు గంటలకే పూర్తి చేయుదుము. ప్రసాదము తీసికొని, వీలున్న కుటుంబములవారు ఎనిమిది గంటలకు కాలువ వంతెన దగ్గరకు రావలెను. అజ్జ లేడు, అవ్వ లేదు, మా తల్లిదండ్రులును లేరు. అజ్జ మనుమడు ట్రాక్టరు ట్రాలీలో పెద్దవారిని ఎక్కించుకొనెదనని చెప్పినాడు. జొన్నరొట్టెలు, సజ్జరొట్టెలు, ఎణ్ణెగాయి వారి ఇంటి నుండి వచ్చును. పులిహోర, చక్రపొంగలి ఆలయము నుండి. గోంగూర ఎవరు చేయవలెనన్న దానిమీద రెండు ఇండ్లవారికి ఏటేట వాదము జరుగుచుండును. ఈ ఏడు రెండు ఇండ్లవారును చేయుచున్నారు. రాళ్ళకు సున్నము నిన్న సాయంకాలమే కొట్టి వచ్చితిమి. మంచుకు ఇంకను పూర్తిగా ఆరలేదు, పిల్లలు తాకి బట్టలు పాడుచేసికొనకుండ తల్లులు కొంచెము చూచుకొనవలెను.